ఇన్‌హేలర్ మారాక: ఉబ్బసంపై పాఠకుల ప్రశ్నలు, వైద్యుని సమాధానాలు

గత సంచికలో ఉబ్బసం గురించి రాస్తూ, బ్రాండు ఇన్‌హేలర్‌కు బదులు జెనరిక్ (అదే మందును మరో కంపెనీ తయారుచేసినది) వాడినా ఇబ్బంది ఉండదని ఒకే వాక్యంలో తేల్చి ముందుకు సాగిపోయాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఈ మధ్యకాలంలో మరే విషయం మీదా రాలేదు. అవన్నీ చదివాక నా వాక్యం తప్పు కాదు గానీ, చాలా అసంపూర్ణమని ఒప్పుకోక తప్పలేదు. మాత్రను ఎవరు మింగినా, ఎలా మింగినా, అది కడుపులో కరిగి రక్తంలో కలుస్తుంది. ఇన్‌హేలర్ సంగతి అలాంటిది కాదు. దానిలోని మందు ఊపిరితిత్తులకు చేరడం ఆ డబ్బా నిర్మాణం మీద, దాన్ని పట్టుకున్న చేతి మీద, పీల్చే తీరు మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల మందు పేరు అదే అయినా పరికరం మారినప్పుడు రోగి కొంత కొత్తగా నేర్చుకోవలసి వస్తుంది. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పకపోవడమే ఈ ఉత్తరాలలో చాలావాటికి మూలమని నాకు అనిపించింది. ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: పదకొండేళ్లుగా ఒకే బ్రాండు సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ వాడుతున్నాను. నాలుగు నెలల క్రితం దానికి బదులు జెనరిక్ ఇచ్చారు. పాతదాన్ని నొక్కితే మందు చల్లగా, బలంగా వచ్చి గొంతుకు తగిలేది. కొత్తది ఆవిరిలా మెత్తగా వస్తోంది, నాలుక మీద చేదుగా కూడా ఉంటోంది. రెండు పఫ్‌లతో తగ్గే ఆయాసానికి ఇప్పుడు మూడు, ఒక్కోసారి నాలుగు తీసుకోవలసి వస్తోంది. మందులో బలం తగ్గించారా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. స్ప్రే మెత్తగా రావడం ఒకటి, పఫ్‌ల సంఖ్య పెరగడం మరొకటి. మొదటిదే రెండోదానికి కారణమని మీరు అనుకోవడం సహజమే గానీ, వాటిని విడివిడిగా చూద్దాం.

గొంతుకు బలంగా తగిలిన మందు నిజానికి ఊపిరితిత్తులకు చేరకుండా పోయిన మందు. శ్వాసనాళాల లోతుకు వెళ్లగలిగేవి సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలే. అంతకంటే పెద్దవి నోటిలోనో గొంతు వెనుక గోడ మీదో పడి, లాలాజలంతో కలిసి కడుపులోకి పోతాయి. ఎంత చక్కగా వాడినా స్ప్రే ఇన్‌హేలర్ నుంచి వెలువడిన మందులో సాధారణంగా 10 నుంచి 20 శాతమే ఊపిరితిత్తులను చేరుతుంది. కాబట్టి చల్లగా, చురుక్కుమని తగలడాన్ని మందు బలానికి కొలతగా తీసుకోలేము.

ఈ ఫిర్యాదు కొత్తది కాదు. 1956లో అమెరికాలో రైకర్ సంస్థ తొలి స్ప్రే ఇన్‌హేలర్‌ను విడుదల చేసిన నాటి నుంచి కొన్ని దశాబ్దాల పాటు మందును బయటికి నెట్టడానికి సీఎఫ్‌సీ వాయువులను వాడేవారు. అవి ఓజోన్ పొరను దెబ్బతీస్తున్నాయని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం క్రమంగా వాటిని తొలగించి, హెచ్‌ఎఫ్‌ఏ అనే వాయువును తెచ్చారు. అమెరికాలో 2008 డిసెంబర్ 31 తర్వాత సీఎఫ్‌సీతో పనిచేసే సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ల అమ్మకమే నిలిచిపోయింది. కొత్త వాయువుతో వచ్చే తుంపర పాతదాని కంటే మెత్తగా, కాస్త వెచ్చగా ఉంటుంది. మీరు ఈరోజు రాసిన మాటలనే, దాదాపు అక్షరం తేడా లేకుండా, ఆనాటి రోగులు తమ వైద్యులకు చెప్పారు. ఇక చేదు విషయానికి వస్తే, కొన్ని హెచ్‌ఎఫ్‌ఏ ఇన్‌హేలర్లలో మందు, వాయువు తప్ప మరేమీ ఉండవు. కొన్నిటిలో కొద్దిపాటి ఆల్కహాలు, ఓలిక్ ఆమ్లం కూడా ఉంటాయి. అందుకే రుచి ఒక తయారీకీ మరొక తయారీకీ మారుతుంది.

ఇక పఫ్‌ల సంఖ్య. ముందుగా మూడు విషయాలు చూసుకోండి. కొత్త డబ్బాను మొదటిసారి తెరిచినప్పుడు, అలాగే దాదాపు రెండు వారాలు వాడకుండా ఉంచినప్పుడు, బాగా కుదిపి మూడు నాలుగు సార్లు గాలిలోకి వదిలివేయాలి. ఈ సంఖ్య తయారీని బట్టి మారుతుంది కాబట్టి లోపలి కాగితంలో ఎంత ఉందో చూడండి. అలా చేయకపోతే మొదటి పఫ్‌లలో మందు సరిపడా ఉండదు. రెండోది శుభ్రత. హెచ్‌ఎఫ్‌ఏ ఇన్‌హేలర్లలో మందు బయటికి వచ్చే సన్నని రంధ్రం దగ్గర పొడి పేరుకుని అడ్డుపడుతుంది. వారానికి ఒక్కసారైనా లోహపు డబ్బాను బయటికి తీసి, ప్లాస్టిక్ తొడుగును మాత్రమే గోరువెచ్చని నీటిధార కింద కడిగి, నీళ్లు దులిపి, రాత్రంతా ఆరనివ్వాలి. లోహపు డబ్బాను నీటిలో ముంచకూడదు. మూడోది, మీరు పీల్చే వేగం. పాత ఇన్‌హేలర్ మందును విసిరినట్టు వదిలేది కాబట్టి మీరు దానికి తగ్గట్టు ఒక్క గుటకలో పీల్చడం అలవాటు చేసుకుని ఉండవచ్చు. స్ప్రేను నెమ్మదిగా, నాలుగైదు సెకన్లపాటు లోతుగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేడా కనిపిస్తే, అది మీ భ్రమేనని నేను అనను. 2020 సెప్టెంబర్‌లో అమెరికాలో ఒక జెనరిక్ సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్‌ను, కొన్ని డబ్బాలలో రంధ్రం మూసుకుపోయి మందు బయటికి రాకపోవచ్చన్న కారణంతో, తయారీదారులే వెనక్కి పిలిపించుకున్నారు. నొక్కినప్పుడు తుంపర కనిపించకపోయినా, సగమే వచ్చినా డబ్బాను పారేయకండి. దానిమీది బ్యాచ్ సంఖ్యతో సహా ఫార్మసిస్టుకు తిరిగి ఇచ్చి ఫిర్యాదు చేయండి.

మరో మాట. ఇంత పొడవైన మీ ఉత్తరంలో రోజూ వాడే నివారక ఇన్‌హేలర్ ప్రస్తావన ఎక్కడా లేదు. సాల్బ్యుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాలను కొన్ని గంటలపాటు వదులు చేస్తుందే గాని, లోపలి వాపును తగ్గించదు. సాల్బ్యుటమాల్ ఒక్కదానితోనే ఉబ్బసాన్ని నెట్టుకురావడం మంచిది కాదని అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ గినా 2019 నుంచి చెబుతోంది. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు, అంతకంటే ఎక్కువ ఖర్చవుతున్నాయంటే తీవ్రమైన దాడి వచ్చే ముప్పు పెరిగినట్టు లెక్క. మీ పఫ్‌లు పెరగడానికి కొత్త ఇన్‌హేలర్ కారణం కాకపోవచ్చు. అదే సమయంలో మీ ఉబ్బసమే ముదిరి ఉండవచ్చు. దీన్ని తేల్చుకోవడానికి వచ్చే నెల దాకా ఆగవద్దు, ఈ వారమే మీ వైద్యులను కలవండి.

ప్రశ్న: లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. నా పాత ఇన్‌హేలర్ పెట్టె మీద 200/6 అని ఉండేది. విదేశంలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు అదే మందు అంటూ ఇచ్చిన పెట్టె మీద 160/4.5 అని ఉంది. ఇరవై ఐదు శాతం దాకా తక్కువ ఇస్తూ అదే మందు అనడం ఎలా సమంజసం? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీ లెక్క సరైనదే, కొలిచిన చోటే వేరు. పరికరం లోపల ఒక మోతాదుగా కొలిచి సిద్ధమయ్యే మందు ఒక అంకె, మౌత్‌పీస్ (నోటిలో పెట్టుకునే భాగం) దాటి బయటికి వచ్చే మందు మరొక అంకె. లోపల కొలిచిన మందులో కొంత పరికరం గోడలకే అంటుకుని ఉండిపోతుంది. కొన్ని దేశాలు మొదటి అంకెను, కొన్ని రెండో అంకెను పెట్టె మీద ముద్రిస్తాయి. బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌లో 200/6, 160/4.5 రెండూ ఒకే మోతాదు. ఇదే కారణం చేత సాల్బ్యుటమాల్ ఒకచోట 100 మైక్రోగ్రాములుగా, అమెరికాలో 90గా కనిపిస్తుంది. అక్కడ దాని పేరు కూడా ఆల్బ్యుటెరాల్. ఫ్లూటికాసోన్ స్ప్రే 125కు బదులు 110గా, 250కి బదులు 220గా కనిపించినా కంగారు పడనవసరం లేదు.

అంకెలు వేరైనా మోతాదు ఒకటే కావడం ఇది. దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది, అదే ప్రమాదకరం. బెక్లోమెథాసోన్ స్ప్రేలలో కొన్ని అతి సన్నని కణాలుగా వెలువడేలా తయారవుతాయి. వాటిలో క్యూవార్ అనే బ్రాండు, క్లెనిల్ అనే మరో బ్రాండు కంటే సుమారు రెట్టింపు బలంగా పనిచేస్తుంది. పెట్టె మీద మందు పేరు, మైక్రోగ్రాముల అంకె ఒకటే అయినా ఒకదానికి బదులు మరొకటి ఇవ్వకూడదు. అందుకే 2008లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందును బ్రాండు పేరుతోనే రాయమని వైద్యులకు సూచించింది. మీలాంటి లెక్కల మనిషికి ఇది రుచించకపోవచ్చు గానీ, ఇన్‌హేలర్ల విషయంలో అంకెల్ని మాత్రమే పోల్చడం సరిపోదు.

ప్రశ్న: మా ఏడేళ్ల పాపకు రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య అమర్చే ప్లాస్టిక్ గొట్టం) తగిలించి ఇస్తున్నాము. జెనరిక్ మౌత్‌పీస్ ఆకారం వేరుగా ఉండడంతో స్పేసర్‌లో వదులుగా కూర్చుంటోంది. పైగా పాతది గోధుమరంగు, కొత్తది నీలంరంగు. ఆయాసం వచ్చినప్పుడు వాడేది కూడా నీలమే. మొన్న స్కూల్లో దగ్గు వచ్చినప్పుడు పాప పొరపాటున స్టెరాయిడ్ తీసుకుంది. – ఒక తల్లి

జవాబు: స్పేసర్ సంగతి కంటే ముందు రంగు సంగతి చెబుతాను. అత్యవసరంలో వాడేది నీలంరంగులో, నివారకం గోధుమ, నారింజ, ఊదా వంటి రంగులలో ఉండడం ఆనవాయితీయే గాని అన్ని తయారీదారులనూ కట్టిపడేసే నియమం కాదు. రోగులు మాత్రం ఇన్‌హేలర్లను రంగుతోనే గుర్తుపెట్టుకుంటారు, పిల్లలైతే మరీను. స్టెరాయిడ్ ఒకటి రెండు పఫ్‌లు అదనంగా తీసుకోవడం వల్ల పాపకు హాని ఏమీ జరగదు. కానీ ఊపిరి ఆడని సమయంలో వెంటనే పనిచేయని మందు పీలుస్తూ నిమిషాలు గడపడమే అసలు ప్రమాదం. ఈ రోజే రెండు ఇన్‌హేలర్లకూ పెద్ద కాగితపు పట్టీలు అంటించండి. ఒకదాని మీద ‘ఆయాసానికి’ అని, రెండోదాని మీద ‘ఉదయం, రాత్రి’ అని రాసి, స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను అసలు బడి సంచిలోకే పోనివ్వకండి. పాప టీచరుకు కూడా చూపించండి. వీలైతే ఫార్మసిస్టును అడిగి, నివారకాన్ని వేరే రంగులో ఉన్న తయారీకి మార్పించుకోండి. ఇది అడగదగిన కోరికే, సంకోచించకండి.

స్పేసర్‌లో వదులుగా కూర్చుంటే ఆ సందులోంచి మందు బయటికి పోతుంది. చేత్తో గట్టిగా పట్టుకుని సరిపెట్టుకోవద్దు. చాలా స్పేసర్లకు వెనుక భాగం మెత్తటి రబ్బరుతో ఉండి, రకరకాల ఆకారాల మౌత్‌పీస్‌లకు సరిపోతుంది. ఒకే ఇన్‌హేలర్ కోసం గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి మాత్రం ఇలా ఇబ్బంది పెడతాయి. అలాంటిదైతే స్పేసర్‌ను మార్చాలి. కొత్తది వాడే ముందు, ఆ తర్వాత కూడా తయారీదారు చెప్పిన వ్యవధిలో, గిన్నెలు కడిగే సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, తుడవకుండా ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు ఏర్పడి మందు కణాలను గోడలకు లాగేసుకుంటుంది. ఒక్కో పఫ్ వదిలి, పాప మామూలుగా ఐదారు సార్లు ఊపిరి తీసుకున్నాకే రెండోది వదలాలి. రెండు పఫ్‌లనూ ఒకేసారి స్పేసర్‌లోకి కొడితే పాపకు చేరే మందు తగ్గుతుంది. స్టెరాయిడ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించడం మాత్రం మరవకండి. లేకపోతే నోటిలో తెల్లని పూత, గొంతు బొంగురు వస్తాయి.

ప్రశ్న: ఫ్లూటికాసోన్, సాల్మెటెరాల్ కలిసిన పొడి ఇన్‌హేలర్‌ను ఆరేళ్లు వాడాను. అది గుండ్రంగా ఉండేది. మీట జరిపి పీలిస్తే చాలు, మిగిలిన డోసులు ఎన్నో అంకె కనిపించేది. జెనరిక్ అని ఇచ్చినదానిలో క్యాప్సూల్ పెట్టి, గుచ్చి, పీల్చాలి. పీల్చినా నోటిలో ఏమీ తెలియడం లేదు. మూడో వారం నుంచి రాత్రి రెండు గంటలకు పిల్లికూతలతో మెలకువ వస్తోంది. మందులే సమానమని పరీక్షించి అనుమతిస్తారంటారు కదా, మరి ఇదెందుకు? – ఒక పాఠకుడు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మీదే, అందుకే కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

జెనరిక్ మాత్రకు అనుమతి ఇచ్చేటప్పుడు రక్తంలో చేరిన మందు పరిమాణాన్ని బ్రాండు మందుతో పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి, గణాంకపరమైన అనిశ్చితిని కూడా కలుపుకుని, 80 నుంచి 125 శాతం హద్దుల లోపల ఉండాలి. అంటే జెనరిక్‌లో ఇరవై శాతం మందు తక్కువ ఉండవచ్చని కాదు. అనిశ్చితితో సహా హద్దుల్లో ఇమడాలంటే అసలు సగటు విలువ నూటికి బాగా దగ్గరగా ఉండక తప్పదు. ఇన్‌హేలర్‌కు ఈ ఒక్క పరీక్ష చాలదు, ఎందుకంటే మందు పనిచేసేది ఊపిరితిత్తులలో, రక్తంలో కాదు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మీ మందు విషయంలో ప్రయోగశాలలో కణాల పరిమాణపు కొలతలు, రక్త పరీక్షలు, రోగులలో ఊపిరి బలం మీద పరీక్ష, పైగా పరికరాన్ని వాడే విధానంలో పోలిక, ఇవన్నీ కోరుతుంది. మీరు వాడిన మందుల కలయికతోనే వచ్చే బ్రాండు పొడి ఇన్‌హేలర్ అడ్వేర్ డిస్కస్ అక్కడ 2000లో అనుమతి పొందితే, దానికి తొలి జెనరిక్ విక్సెలా 2019 జనవరిలో గాని రాలేదు. అన్ని దేశాల నియమాలూ ఇలా ఉండవు. కొన్ని చోట్ల మందు, మోతాదు ఒకటైతే పరికరం పూర్తిగా వేరైనా అదే మందుగా చేతికి అందుతుంది. మీకు జరిగింది అదే. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: మీకు ఇచ్చినది మందు వరకు జెనరిక్, పరికరం వరకు కొత్త చికిత్స. ఇలా పరికరాన్ని మార్చేటప్పుడు ఎవరో ఒకరు మిమ్మల్ని కూర్చోబెట్టి నేర్పించాలి. సంప్రదించకుండా పరికరం మార్చిన రోగులలో ఉబ్బసం అదుపు తప్పడం ఎక్కువగా కనిపించిందని 2009లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనం ఒకటి తెలిపింది. రోజూ రోగులను చూసే నాకు అందులో ఆశ్చర్యపడవలసినదేమీ కనిపించలేదు.

ఇప్పుడు మీ చేతిలోని పరికరం సంగతి. క్యాప్సూల్‌ను వాడబోయే క్షణం దాకా అట్టలోనే ఉంచండి, తేమ తగిలితే పొడి ఉండకడుతుంది. దాన్ని పరికరంలోని చిన్న గూటిలో పెట్టి మూతవేసి, బొత్తాన్ని ఒక్కసారే నొక్కి పూర్తిగా వదిలేయండి. పదేపదే నొక్కితే క్యాప్సూల్ పగిలి ముక్కలు నోటిలోకి వస్తాయి. ఊపిరిని పక్కకు తిరిగి వదలండి, పరికరంలోకి ఊదవద్దు. తర్వాత పెదవులు బిగించి, మొదటి క్షణం నుంచే బలంగా, వేగంగా, ఆగకుండా పీల్చండి. పొడిని చిన్న కణాలుగా విడగొట్టే శక్తి మీ ఊపిరి నుంచే రావాలి; స్ప్రేకు చెప్పిన నెమ్మది ఇక్కడ పనికిరాదు. సరిగ్గా పీలిస్తే క్యాప్సూల్ గిర్రున తిరుగుతున్న శబ్దం వినిపిస్తుంది. శబ్దం రాకపోతే క్యాప్సూల్ ఇరుక్కుందని అర్థం. పీల్చాక మూత తీసి చూడండి, పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చండి. మీ పాత పరికరంలో ఈ రెండోసారి పీల్చే పనే లేదు కాబట్టి, మీరు ఇన్నాళ్లూ రోజూ కొంత మందును క్యాప్సూల్‌తో పాటు చెత్తబుట్టలో వేస్తూ వచ్చారేమోనని నా అనుమానం. నోటిలో ఏమీ తెలియకపోవడానికి మాత్రం భయపడనవసరం లేదు. మీరు ఇంతకుముందు రుచి చూసినది చాలావరకు మందు కాదు, దానికి వాహకంగా కలిపిన లాక్టోజ్ అనే పాల చక్కెర. దాని పాళ్లు తయారీని బట్టి మారుతాయి. (ఇందులో పాల ప్రొటీన్ ఆనవాళ్లు ఉండవచ్చు కాబట్టి, పాల ప్రొటీన్ తీవ్రంగా పడనివారు ఏ పొడి ఇన్‌హేలర్ తీసుకునే ముందైనా వైద్యులకు ఆ సంగతి చెప్పాలి.)

మూడో వారంలో ఇబ్బంది మొదలైందన్న మీ మాట ముఖ్యమైనది. పీల్చే స్టెరాయిడ్ ప్రభావం ఒక్కరోజులో పోదు. మందు సరిగా అందకపోతే వాపు కొన్ని వారాల మీద మెల్లగా తిరిగి వస్తుంది. మార్చిన మర్నాడే కలిగిన అసంతృప్తి కంటే, ఇలా ఆలస్యంగా వచ్చే రాత్రి మెలకువలనే నేను ఎక్కువ నమ్ముతాను. రాత్రిళ్లు మెలకువ రావడం అదుపు తప్పిందనడానికి స్పష్టమైన గుర్తు. పరికరాన్ని వెంట తీసుకుని వెళ్లి, మీ వైద్యుల ముందు ఒక్కసారి పీల్చి చూపించండి. తీరు సరిచేశాక కూడా ఫలితం లేకపోతే, మీ ఊపిరి బలానికి ఆ పరికరం సరిపోవడం లేదని భావించి పాత రకం పరికరానికి తిరిగి వెళ్లడమే మంచిది. ఈలోగా వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ ప్రభావం మూడు నాలుగు గంటలైనా నిలవకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ప్రశ్న: నేను బుడెసొనైడ్–ఫార్మొటెరాల్ ఇన్‌హేలర్‌ను రోజూ రెండుపూటలా, ఆయాసం వచ్చినప్పుడు కూడా అదే వాడుతున్నాను. అది దొరకక ఫ్లూటికాసోన్–సాల్మెటెరాల్ ఇచ్చి ‘ఇది కూడా అలాంటిదే, జెనరిక్, పైగా స్టెరాయిడ్ ఉన్నదే’ అన్నారు. ఆయాసానికి దీన్నే వాడవచ్చా? – ఒక విద్యార్థిని

జవాబు: వాడకూడదమ్మా. ఇది జెనరిక్ కానే కాదు, వేరే మందు. జెనరిక్ అంటే అదే మందు, అదే మోతాదు. మీకు ఇచ్చినదానిలో రెండు మందులూ వేరే. రెండు పెట్టెలలోనూ ఒక స్టెరాయిడ్, ఒక దీర్ఘకాలం పనిచేసే మందు ఉన్నాయన్నంత వరకే పోలిక. ఫార్మొటెరాల్ కొద్ది నిమిషాలలోనే పని మొదలుపెడుతుంది కాబట్టి దాన్ని ఆయాసానికి కూడా వాడే పద్ధతి ఉంది. సాల్మెటెరాల్ పని మొదలుపెట్టేది ఆలస్యంగా. ఆయాసంలో దాన్ని పదేపదే పీలిస్తే ఉపశమనం రాదు, గుండెదడ, చేతుల వణుకు మాత్రం వస్తాయి. పాత మందు దొరికేదాకా కొత్తదాన్ని రెండుపూటలా మాత్రమే వాడాలా, ఆయాసానికి విడిగా సాల్బ్యుటమాల్ ఉంచుకోవాలా అన్నది మీ వైద్యులు రాసి ఇవ్వాలి. ఫోను చేసి అయినా ఈ రోజే అడగండి.

ప్రశ్న: నాకు ఇన్‌హేలర్ మార్చి ఏడాది దాటింది. తేడా ఏమీ తెలియలేదు. అందరూ ఇంత బాధపడుతుంటే నాకే ఏదో తెలియడం లేదేమోనని అనుమానంగా ఉంది. – ఒక పాఠకుడు

జవాబు: అనుమానించనవసరం లేదు. బాగున్నవారు ఉత్తరాలు రాయరు, మీరు మినహాయింపు. రాత్రులు నిద్ర పడుతూ, ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ అరుదుగా బయటికి వస్తూ ఉంటే అదే చాలు. ఒకే ఒక్క సంగతి అడుగుతాను: మీ కొత్త డబ్బాకు డోసుల కౌంటర్ ఉందా? లేకపోతే తెరిచిన తేదీని డబ్బా మీద రాసి, రోజుకు ఎన్ని పఫ్‌లో లెక్కవేసుకుని, ముగిసే రోజు కూడా రాసుకోండి. మందు అయిపోయాక కూడా వాయువు మిగిలి స్ప్రే వస్తూనే ఉంటుంది. కుదిపి చూడడం, నీటిలో తేల్చి చూడడం నమ్మదగిన పద్ధతులు కావు.

ప్రశ్న: వచ్చే నెల నుంచి నా ఇన్‌హేలర్‌ను జెనరిక్‌కు మారుస్తామని చెప్పారు. మార్చుకున్నవారి అనుభవాలు విని విని, ఇంకా మార్చకముందే ఛాతీ బిగిసినట్టు అనిపిస్తోంది. ఇదంతా నా మనసులో పుట్టిందేనా? మనసులోదైతే ఎలా తెలుసుకోవాలి? – ఒక గృహిణి

జవాబు: చెడు జరుగుతుందని ఎదురుచూసినప్పుడు చెడు కలిగినట్టే శరీరానికి అనిపించడం వైద్యానికి తెలిసిన విషయమే, దాన్ని నొసీబో అంటారు. అందులో సిగ్గుపడవలసింది లేదు. ఆందోళనలో ఊపిరి వేగం పెరిగి ఛాతీ నిజంగానే బిగిసినట్టు ఉంటుంది. అయితే నొసీబో అన్న మాటను రోగి నోరు మూయించడానికి వాడే వైద్యులను కూడా నేను చూశాను. పై ఉత్తరాలలో రంధ్రం మూసుకుపోవడం, స్పేసర్ సరిపోకపోవడం, క్యాప్సూల్‌లో పొడి మిగిలిపోవడం ఏవీ మనసులో పుట్టినవి కావు. కాబట్టి ముందే ఏదో ఒక పక్షం వహించడం కంటే కొలిచి చూడడం మేలు. మీకు ఇంకా నెల వ్యవధి ఉండడం అదృష్టం, ఎందుకంటే మార్పుకు ముందరి కొలతలు చాలామంది దగ్గర ఉండవు.

పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న పరికరం ఒకటి సంపాదించండి. పూర్తిగా ఊపిరి తీసుకుని ఎంత బలంగా ఊదగలరో అది అంకెలో చూపిస్తుంది. రేపటి నుంచి ఉదయం లేవగానే, మళ్లీ రాత్రి, మందు తీసుకోకముందు మూడేసి సార్లు ఊది, వాటిలో పెద్ద అంకెను రాసుకోండి. ఇలా రెండు వారాలు రాస్తే మీ ఊపిరి స్థాయి ఏమిటో తెలుస్తుంది. పక్కనే రాత్రి మెలకువలు, ఆయాసానికి తీసుకున్న పఫ్‌ల సంఖ్య కూడా రాయండి. ఐదు ప్రశ్నలతో 25 మార్కులకు లెక్కవేసే ఆస్తమా కంట్రోల్ టెస్ట్ అనే పత్రాన్ని కూడా మీ వైద్యులను అడిగి నింపి ఉంచండి. అందులో 20, ఆపైన వస్తే అదుపులో ఉన్నట్టు.

మార్చాక కూడా కనీసం నాలుగు వారాలు ఇదే పని కొనసాగించండి. ఛాతీ బిగిసినట్టు ఉన్నా ఊదిన అంకె మునుపటిలాగే ఉంటే, కాసేపు కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. చాలామందికి అంకెను చూడగానే సగం భయం తగ్గుతుంది. అంకె మీ ఉత్తమ స్థాయిలో 80 శాతం కంటే తగ్గి రెండు మూడు రోజులు అలాగే ఉంటే, లేదా టెస్టు మార్కులు మూడు, అంతకంటే ఎక్కువ పడిపోతే తేడా నిజమే. అప్పుడు ఆ కాగితం తీసుకుని వెళ్లి పాతది తిరిగి ఇవ్వమని అడగండి. 50 శాతం కంటే తగ్గితే కాగితం పక్కనపెట్టి, ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మార్పు జరిగే రోజున ఫార్మసిస్టును రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, ఇది బ్రాండు కంపెనీయే వేరే పేరుతో అమ్మే అదే సరుకా, లేక మరొకరు తయారుచేసినదా అని. మొదటి రకమైతే లోపలి మందు, పరికరం రెండూ పాతవే, పెట్టె మీద అక్షరాలే మారుతాయి. రెండోది, దీన్ని నా ముందు ఒకసారి వాడి చూపిస్తారా అని. ఖాళీ నమూనా పరికరం వారి దగ్గర ఉండవచ్చు. పాత ఇన్‌హేలర్‌లో మందు ఇంకా మిగిలి ఉంటే, కొత్తది చేతికి అలవాటయ్యే దాకా దాన్ని పారేయకండి. అయితే రెండు నివారకాలనూ ఒకే రోజున కలిపి వాడవద్దు.